ఆనించిన చెయ్యి

గురునాథం గ్రహాన్ని కనిపెట్టలేదు. ఆ మాట మొదటినుంచీ అతనే చెబుతూ వచ్చాడు, వినిపించుకున్నవాళ్ళు లేరు. అతను చూసింది ఒక గీత. ఫోన్లో, ఎక్కడిదో ఒక నక్షత్రం వెలుగు గీత. అది ఒకచోట కాస్త కుంగింది. కుంగినచోట ఎడమచేతి బొటనవేలితో నొక్కాడు. అంతే సంగతి. ఆ నొక్కుడుకి సింగపూరు తెలుగువాళ్ళు శాలువా కప్పి, అతని కుడిచేతిని పూర్తిగా తీసేశారు.

ఎడమచేత్తో నొక్కడం ఎందుకంటే కుడిచెయ్యి అప్పటికే పోయింది. పోయిందంటే తెగిపడలేదు. మణికట్టు కింద ఎక్కడిదక్కడే ఉంది, వేళ్ళు అయిదూ ఉన్నాయి, గోళ్ళు కూడా పెరుగుతున్నాయి. వచ్చిన చిక్కల్లా అదే. తెగిపడి ఉంటే ఎవడూ మారుమాట్లాడేవాడు కాదు. ఉన్న చెయ్యి పనిచెయ్యదంటే మాత్రం లోకం నమ్మదు.

అతనిది శ్రీకాకుళం జిల్లా, సోంపేట పక్క. సింగపూరులో ఓడలు కట్టే యార్డులో పైపు ఫిట్టరు. ఓడ కడుపులో పోయే ప్రతి పైపు కిందా దాని బరువు మోయడానికి ఒక ఇనప ఊత వెల్డు చేస్తారు. దాన్ని సపోర్టు అంటారు. తెలుగువాడూ సపోర్టే అంటాడు, బంగ్లావాడూ సపోర్టే అంటాడు, చైనావాడూ సపోర్టే అంటాడు. యార్డులో అందరికీ ఒకేలా అర్థమయ్యే నాలుగైదు మాటల్లో అదొకటి. ఆ రోజు సపోర్టుకి పూర్తి వెల్డు పడలేదు, రెండు చుక్కలు అంటించి వదిలేశారు. వెల్డు తర్వాత చూసుకుందాం, ముందు పైపు ఎక్కించండి అన్నాడు పైవాడు. ఎక్కించారు. సపోర్టు ఊడింది. పైపుకీ ఇనప పలకకీ మధ్య గురునాథం చెయ్యి ఉంది.

ఆస్పత్రిలో రెండుసార్లు కోసి కుట్టారు. మూడు వేళ్ళు ఇక పట్టవు, బరువు ఎత్తలేవు అని డాక్టరు రాశాడు. ఎందుకు పట్టవు, వ్యాయామం చేయిస్తే పడతాయి అంది కంపెనీ. ఆ మాటకీ ఈ మాటకీ నడుమ కేసు. చెయ్యి పోయిందని తేలితే నష్టపరిహారం వస్తుంది, ఊళ్ళో ఏదో ఒకటి పెట్టుకుని బతకొచ్చు. పోలేదని తేలితే పని చేతకాని చెయ్యి ఒకటి వేలాడేసుకుని ఇంటికి పోవాలి. తేలేదాకా పని చెయ్యకూడదు, దేశం వదలకూడదు. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అది.

పొద్దున్నే లారీలు వచ్చి డార్మిటరీలో మనుషుల్ని ఎత్తుకుపోయేవి. గదిలో గురునాథం ఒక్కడే మిగిలేవాడు. రెండంతస్తుల మంచాలు, తాళ్ళమీద తడి బట్టలు, ఆగని ఫ్యాన్లు, ఒక కాలు విరిగి ఎవడు తలుపు తీసినా ఊగిపోయే ఇనప బీరువా. మనిషి ఉండడానికి అనువైన చోటేనని ఎవరో తనిఖీ చేసి సంతకం పెట్టిన గది అది.

కార్మికులకి సాయం చేసే ఒక సంస్థ తరపున ప్రణవి అనే అమ్మాయి అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళేది. ఇక్కడే బిషాన్‌లో పుట్టి పెరిగిన పిల్ల, యూనివర్సిటీలో ఫిజిక్స్ చదువుతోంది. ఆమె తెలుగు కంకరరోడ్డు మీద ఒట్టికాళ్ళతో నడిచినట్టు ఉంటుంది. అయినా నడుస్తుంది, ఆగదు. మొదటిరోజు గురునాథం మేడమ్ అన్నాడు. "మేడమ్ ఏంటన్నా, ప్రణవి చాలు లా," అంది, సింగపూరువాళ్ళు మాట చివర అనే లా తగిలించి. పేరు పెట్టి పిలవడానికి అతనికి నోరు రాలేదు. పాపా అని కుదుర్చుకున్నాడు.

ఆస్పత్రి బెంచీ మీద ఆమె ఫోన్లో ఏవో చుక్కల గీతలు చూసి నొక్కుతుంటే, అదేంటని అడిగాడు. ఆ చుక్కలు ఒక నక్షత్రం వెలుగంట. దాని ముందునుంచి గ్రహం అడ్డంగా పోతే వెలుగు రవ్వంత తగ్గుతుందంట. ఆ తగ్గడం కంప్యూటరు ఒక్కోసారి పసిగట్టలేదు, అందుకని శాస్త్రవేత్తలు మామూలు జనాన్ని కూడా చూసిపెట్టమని అడిగారంట. ఎవరైనా చూడొచ్చా అన్నాడు. ఎవరైనా చూడొచ్చు అని అతని ఫోన్లో కూడా పెట్టిచ్చింది.

అప్పటినుంచి ఖాళీ గదిలో అదే పట్టుకుని కూచున్నాడు. ఆకాశం మీద ప్రేమ పుట్టి కాదు. ఇక్కడ వెలుగు తగ్గిందా, లేదా, అని అది అడుగుతుంది. తగ్గింది అంటే తగ్గిందనే రాసుకుంటుంది. చెయ్యి నలిగినప్పటినుంచి గురునాథాన్ని ఎంతమందో ఎన్నో అడిగారు. అతను ఒకటి చెబితే వాళ్ళు ఇంకొకటి రాసుకున్నారు. చెప్పింది చెప్పినట్టు తీసుకున్నది ఆ ఫోనొక్కటే.

పక్క మంచం బాలు వెల్డరు, కవిటివాడు, నోటికి తాళం లేదు. సాయంత్రం లారీ దిగి వచ్చి సంగతి విని బూట్లు విప్పుకుంటూ అన్నాడు. "ఒరే గురూ, ఉన్న తొమ్మిది గ్రహాలూ మన నెత్తిమీదే కూకున్నాయి. సాలక పదోదాన్ని నువ్వు ఎతికి తెస్తన్నావేట్రా?"

పదోది దొరికింది.

దొరికిందంటే, గురునాథం కుంగు గుర్తుపెట్టిన ఒక నక్షత్రం దగ్గర దేశదేశాల్లో ఇంకో పదిమంది దాకా కూడా అదే కుంగు గుర్తుపెట్టారు. శాస్త్రవేత్తలు దాన్ని తీసి చూశారు. గ్రహం కావచ్చు అన్నారు. మరీ మాడిపోకుండా, మరీ గడ్డకట్టకుండా, నీళ్ళు నీళ్ళలాగే నిలవగలిగే దూరంలో ఉండవచ్చు అన్నారు. పెద్ద టెలిస్కోపుతో చూస్తేగానీ తేలదు అని కూడా అన్నారు. గుర్తుపెట్టిన అందరికీ కృతజ్ఞతలు పంపారు. ప్రణవి అది చదివి వినిపించినప్పుడు గురునాథం అడిగింది ఒక్కటే, అది ఎంత దూరం అని. వెలుగు ఆరువందల ఏళ్ళు నడిస్తేగానీ ఇక్కడికి రాదు అంది. అతను తలూపాడు. ఆ మాట బాగుంది అతనికి, ఆ రోజు.

ఆ పిల్ల సంతోషం పట్టలేక ఇంట్లో భోజనాల దగ్గర చెప్పింది. గోరుచుట్టు మీద రోకలి అక్కడ ఎత్తారు.

ఆమె తండ్రి సుధాకరరావు తంజోంగ్ పగార్‌లో ఒక బ్యాంకులో పెద్ద ఉద్యోగి. ఒక తెలుగు సంఘంలో కూడా పెద్దమనిషి. ఉగాది సభ దగ్గరపడింది, ప్రతి ఏడూ ఉండే డ్యాన్సులూ పులిహోరా తప్ప కొత్తదేం లేదని మథనపడుతున్నాడు. కూతురు నోట ఈ మాట పడగానే లడ్డూ దొరికినట్టయింది. రెండు రోజుల్లో ఫోన్లన్నిట్లో పోస్టరు తిరిగింది: గ్రహాన్ని కనుగొన్న మన తెలుగు కార్మికుడికి ఘన సన్మానం. వలస కార్మికుల గురించి ఏడాదికోసారైనా తలుచుకోని సంఘానికి తలుచుకోవడానికి ఒక గ్రహం కావలసి వచ్చింది.

నానొక్కడినే కాదండి, పదిమంది నొక్కారండి, అది గ్రహమో కాదో ఇంకా తేల్లేదండి అని గురునాథం ఫోన్లో చెప్పుకున్నాడు. సుధాకరరావు నవ్వాడు. "వినయం మంచిదే గురునాథం. మరీ ఇంత అక్కర్లేదయ్యా. తెల్లచొక్కా ఉందా?"

తెల్లచొక్కా బాలు ఇచ్చాడు.

ఉగాది పడ్డ వారంలో ఆదివారం మధ్యాహ్నం, బుకిట్ బటోక్‌లో ఒక హాలు. ముందు పంచాంగ శ్రవణం. పంతులుగారు ఒక్కో రాశికీ ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం చదువుకుంటూ పోయారు. గురునాథం రాశికి రాజపూజ్యం తక్కువ, అవమానం ఎక్కువ. అది విని తల వంచుకున్న మనిషిని అరగంట తిరక్కుండానే స్టేజీ మీదకి పిలిచి శాలువా కప్పారు. జనం చప్పట్లు కొట్టారు. ముందువరసలో ప్రణవి లేచి నిలబడి కొట్టింది.

తర్వాత జ్ఞాపిక. అరచేతి మందాన గాజు దిమ్మ, కింద చెక్క పీట, గాజు లోపల ఉంగరం తొడిగిన గ్రహం బొమ్మ. బరువైన సరుకు. సుధాకరరావు దాన్ని రెండు చేతులా పట్టుకుని ముందుకి చాపాడు. గురునాథం ఎడమచెయ్యి చాపాడు. వచ్చే చెయ్యి అదొక్కటే.

సుధాకరరావు నవ్వు చెదరకుండానే పళ్ళ సందునుంచి అన్నాడు. "ఎడమచేత్తోనా? పండగపూట బాగుండదయ్యా. రెండు చేతులూ పట్టు, ఫోటో."

ఏ మనిషైనా ఏం చేస్తాడు? పెద్దాయన, ఏడాది మొదటి పండగ, ఎదురుగా హాలు నిండా జనం. ఎడమచేత్తో పుచ్చుకోవడం పుచ్చుకోవడం కాదు, లాక్కోవడం. చిన్నప్పుడు ప్రసాదానికి ఎడమచెయ్యి చాపితే అమ్మ ఆ చేతి మీద కొట్టేది. గురునాథం భుజం ఊపి కుడిచేతిని పైకి విసిరాడు. అది వచ్చి చెక్కపీట పక్కన వాలింది. వాలింది, అంతే. బరువంతా ఎడమచేతి మీదే ఉంది. ఆ మణికట్టు నరాలు తేలి కనబడుతున్నాయి, చూసేవాడుంటే. కెమెరా మెరిసింది. దిగీదిగగానే కుడిచెయ్యి జారి పక్కన పడింది. ఫోటోలో ఆ జారడం లేదు.

సాయంత్రానికి ఫోటో ఫేస్‌బుక్‌లో ఉంది. రెండు చేతులా జ్ఞాపిక పట్టుకుని నవ్వుతున్న గురునాథం. కింద, అలుపెరగని కృషికి అని రాశారు.

దిమ్మని తెచ్చి మంచం మీద పెడితే బాలు అటూ ఇటూ తిప్పి చూశాడు. ఉంగరం మీద వేలు పెట్టాడు.

"ఇది కొత్త గ్రహం కాదురా. శని."

గదంతా నవ్వింది. గురునాథం కూడా నవ్వాడు. షాపువాడి దగ్గర అదొక్క బొమ్మే ఉన్నట్టుంది.

కొన్ని వారాల తర్వాత కేసు మీద పిలుపొచ్చింది. చల్లటి గది, పొడుగు బల్ల. ఒక పక్క అధికారిణి, నెమ్మదస్తురాలు, గొంతు పెంచని మనిషి. ఇంకో పక్క కంపెనీ తరపు మనిషి. తమిళం చెప్పేవాళ్ళున్నారు, తెలుగు చెప్పేవాళ్ళు ఆ పూట దొరకలేదు, ప్రణవిని చెప్పనిచ్చారు. కంపెనీ మనిషి ఏమీ మాట్లాడకుండా ఒక కాగితం బల్ల మీద జరిపాడు. ఆ ఫోటో.

ప్రణవి మొహంలో రంగు పోయింది. గురునాథానికి ఇంకా తెలియలేదు. తన ఫోటో ఇంత బాగా వచ్చిందా అనుకున్నాడు ఒక్క క్షణం.

చెక్కపీట దగ్గరున్నది ఏ చెయ్యి అని అధికారిణి అడిగింది.

"కుడిసెయ్యేనండి. ఊరికే ఆనించానండి. ఒంటిసేత్తో పుచ్చుకోకూడదు గదండి," అన్నాడు గురునాథం.

ప్రణవి ఇంగ్లీషులో చెప్పింది. "ఇట్ ఈజ్ ద రైట్ హ్యాండ్. హి సపోర్టెడ్ ఇట్ విత్ ద రైట్ హ్యాండ్. అవుట్ ఆఫ్ రెస్పెక్ట్."

అధికారిణి రాసుకుంది.

గురునాథానికి ఇంగ్లీషు రాదు. కానీ ఆ వాక్యం నడుమ ఒక మాట వచ్చింది, తన చేతిని నలిపిన మాట. సపోర్టంటే ఏమిటో ఆ గదిలో అతనికి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. సపోర్టంటే మోసేది. టన్నుల పైపు మీద పడినా కదలకూడనిది.

"సపోర్టు కాదు పాపా. సపోర్టు కాదు. ఆనించాను."

"అదే కదా అన్నా," అంది ప్రణవి. ఆమె తప్పు కాదు. ఆ మాట ఆమె ఇంట్లో ఎప్పుడు విన్నది? తండ్రికి నడుంనొప్పి వస్తే తల్లి అనేది, వీపుకి దిండు ఆనించుకోండి అని. దిండు ఏం చేస్తుంది, సపోర్టు ఇస్తుంది. ఆ పిల్లకి ఆనించడమంటే అంతవరకే తెలుసు. తాకి ఊరుకోవడం కూడా ఆనించడమేనని ఎవరూ చెప్పలేదు.

గురునాథం తన ఎడమచేతిని బల్ల మీద బోర్లించి, కుడిచేతిని దానిమీద పెట్టి, ఇదీ ఆనించడం అని చూపించాడు. అప్పుడు ఆమెకి అర్థమైంది. నాట్ సపోర్ట్, సారీ, టచ్, జస్ట్ టచ్ అని గబగబా చెప్పింది. కంపెనీ మనిషి అప్పుడు మొదటిసారి నోరు విప్పాడు. ఇప్పుడు మాట మారుస్తున్నారు అని మాత్రం అన్నాడు. అధికారిణి మొదట చెప్పినదాన్ని కొట్టెయ్యలేదు. దాని కింద రెండోది రాసుకుంది. రెండూ నమోదయ్యాయి అంది. మర్యాదగానే అంది.

గురునాథం చెయ్యి బల్ల మీదే ఉంది, వెల్లకిలా. మూడు వేళ్ళు ఎండిన చింతకాయల్లా వంకరపోయి ఉన్నాయి. ఇదిగో, చూడండి, దీనికి ఏదైనా ఇచ్చి చూడండి అన్నాడు. ప్రణవి చెప్పింది. చెయ్యి చూడడం డాక్టర్ల పని, మేము కాగితాలు చూస్తాం అని జవాబు. అధికారిణీ, కంపెనీ మనిషీ ఇద్దరూ ఫోటోనే చూస్తున్నారు. కన్నుతో ఎవరూ చూడని గ్రహాన్ని వెలుగులో రవ్వంత కుంగు చూసి నమ్మే లోకం ఇది. జానెడు దూరంలో బల్ల మీద పెట్టిన చేతిని నమ్మించడానికి అతని దగ్గర ఏమీ లేకపోయింది.

ప్రణవి ఇంటికి పోయి తండ్రిని పట్టుకుంది. ఫోటో తియ్యమంది. చెయ్యి పట్టమన్నది నువ్వే అని ఒక ఉత్తరం రాసివ్వమంది. సుధాకరరావు నొచ్చుకున్నాడు, ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు కూడా. ఫోటో తీసేశాడు. ఉత్తరం మాట ఎత్తితే మాత్రం, "సంఘాన్ని కోర్టు వ్యవహారాల్లోకి లాగొద్దమ్మా. మంచి చెయ్యబోయి ఇందులో ఇరుక్కున్నాం," అన్నాడు. ఇరుక్కున్నది ఎవరో ఆయనకే తెలియాలి. అప్పటికే ఫోటో ఫైల్లో ఉంది. ఫేస్‌బుక్ నుంచి తీసినది ఫైల్లోంచి ఊడిరాదు.

ఆ పిల్ల ఊరుకోలేదు పాపం. ఆనించడం అంటే ఏమిటో రెండు పేజీలు రాసి పంపింది, యూనివర్సిటీలో పరిశోధన రాసినట్టు. అందింది అని జవాబు వచ్చింది. మళ్ళీ డాక్టర్లు చూశారు. ఒకాయన రబ్బరు బంతి ఇచ్చి పిసకమన్నాడు, గురునాథం పిసకలేకపోయాడు. ఇంకాస్త ప్రయత్నించమన్నాడు డాక్టరు. ఎదుట ఫైలు తెరిచే ఉంది. పట్టలేని మనిషిని చూసే చూపు వేరు, పట్టనని మొండికేసే మనిషిని చూసే చూపు వేరు. గురునాథానికి ఆ రెండో చూపు దక్కింది.

చెయ్యి చాలావరకు పనిచేస్తుందని తేలింది. అంటే, అలా రాశారు. టిక్కెట్టు కంపెనీయే తీసింది.

వెళ్ళే రోజు పొద్దున ప్రణవి డార్మిటరీ గేటు దాకా వచ్చింది. లోపలికి రానివ్వరు. ఇద్దరూ కంచె పక్కన నిలబడ్డారు. ఏదో ఒకటి చెప్పాలని ఆమె, పెద్ద టెలిస్కోపుతో చూశారన్నా, గ్రహమేనట, దాదాపు ఖాయమట అంది. మనుషులు ఉండొచ్చా అన్నాడు గురునాథం. ఉండొచ్చేమో అంది. చెప్పి ఏడ్చింది.

"నా తెలుగు బాగుంటే..." అంది.

గురునాథం ఎడమచెయ్యి ఎత్తి ఆమె తల దగ్గర దాకా తెచ్చి, ఆనించకుండానే దించుకున్నాడు. "నీ తెలుగుకేటి పాపా. బాగానే ఉంది. నా సెయ్యే నన్ను ఇరికించీసింది. రాకూడనప్పుడు వచ్చి నిలబడ్డాది," అన్నాడు.

గదికి తిరిగొచ్చేసరికి బాలు అతని సంచీ కడుతున్నాడు. ఆ పూట పనికి పోలేదు, జీతం కోసుకుంటారని తెలిసీ. శాలువా మడిచి అడుగున పెట్టాడు. ఇక జ్ఞాపిక కోసం చుట్టూ చూసి, తలకొట్టుకున్నాడు. పది రోజుల కింద తనే దాన్ని కాలు విరిగిన బీరువా కిందకి తోశాడు. అప్పటినుంచి బీరువా ఊగడం లేదు. గాజు లోపల శని ఉంగరంతో సహా దుమ్ము కొట్టుకుని ఉన్నాడు.

"తీసెయ్మంటావేట్రా? నీ పేరుంది దాని మీద," అన్నాడు బాలు, మోకాళ్ళ మీద వంగి.

గురునాథం ఒక నిమిషం దానివంక చూశాడు. బీరువాలో పన్నెండుమంది సామాన్లున్నాయి.

"ఉండనీరా," అన్నాడు. "అది మోస్తంది."